చక్రం జారినప్పుడు వెలిగే దీపం

పాత వాల్వు రేడియో ఇంట ఉన్నవారికి ఆ పెట్టె ముఖాన మెరిసే పచ్చని కన్ను జ్ఞాపకం ఉంటుంది. స్టేషను సరిగా కుదరనప్పుడు ఆ కంటిలోని నీడ విచ్చుకొని ఉండేది. మీట మెల్లగా తిప్పుతూ పోగా, స్టేషను చక్కగా దొరికినచోట ఆ నీడ సన్నబడి, కన్ను మూసుకొన్నట్లు అయ్యేది. ఆ దీపం పాట పాడేది కాదు, వార్తలు చదివేది కాదు. మన చేతికి మాత్రం దారి చూపేది. దానిని చూచి ఎవరూ భయపడలేదు. చూచి, చేతిని సవరించుకొన్నారు.

ఈనాటి కారులలో, నడిపేవారి ఎదుట ఉన్న పలకమీద ఇటువంటి దీపమే ఒకటి ఉన్నది. రంగు పసుపు. బొమ్మ ఒక చిన్న కారు. దాని వెనుక పాములవలె మెలికలు తిరిగిన రెండు గీతలు. కొన్ని కారులలో ఈ బొమ్మకు బదులు త్రికోణంలో ఒక ఆశ్చర్యార్థకం ఉంటుంది. దీనినే ట్రాక్షన్ కంట్రోలు దీపమంటారు. వర్షపు రాత్రి, పిల్లలతో ప్రయాణం చేస్తూండగా ఇది హఠాత్తుగా మినుకుమినుకుమంటే ఇంటిల్లిపాదికీ గుండె ఝల్లుమంటుంది. బండి ఆపవలెనా? ముందుకు పోవచ్చునా? ఇంజను చెడినదా? బ్రేకులు పోయినవా? ఎవరికి తోచినది వారు చెబుతారు. మరునాడు ఉదయం బండి షెడ్డుకు పోతుంది. అవసరం ఉన్నా లేకున్నా ఏదో ఒక భాగం మారుతుంది.

ఈ దీపం ఒక్కటే ఐనా అది పలికే మాటలు మూడు. జారుడు నేలమీద మినుకుమంటే అది రోడ్డును గురించి చెబుతున్నది. ఆరకుండా నిలకడగా వెలిగితే కారును గురించి చెబుతున్నది. పొడిగా, తిన్నగా ఉన్న రోడ్డుమీద, ఏ చక్రమూ జారకుండానే మినుకుమంటే, కారు దేనినో తప్పుగా కొలుస్తున్నదని తెలుసుకోవలెను. ఈ మూడింటిని విడదీసి చూడగలిగితే భయమూ తగ్గుతుంది, వృథా ఖర్చూ తగ్గుతుంది. అంతకంటె ముఖ్యంగా, ప్రాణానికి రక్షగా ఉన్న ఒక ఏర్పాటును మన చేతులతో మనమే ఆపివేసుకొనే ప్రమాదం తప్పుతుంది.

ముందుగా చక్రం సంగతి చూద్దాము. ఎడ్లబండి చక్రం తనంతట తాను తిరగదు. ఎద్దులు నేలను తన్ని బండిని లాగితే, చక్రం దొర్లుతుంది. పట్టు కావలసినది ఎద్దు గిట్టకు, చక్రానికి కాదు. కారులో ఈ వరుస తారుమారైనది. అక్కడ ఎద్దూ చక్రమూ ఒకటే. ఇంజను చక్రాన్ని తిప్పుతుంది. చక్రం నేలను వెనుకకు నెడుతుంది. నేల ఆ నెట్టుడుకు నిలిచినంతవరకు బండి ముందుకు సాగుతుంది. ఒక్కొక్క టైరు నేలను తాకే మేర సుమారు మన అరచేయంత మాత్రమే. టన్నుకు పైబడిన బండి నాలుగు అరచేతుల పట్టుమీద కదలవలెను, తిరగవలెను, ఆగవలెను.

ఇంజను నెట్టుడు ఈ పట్టును మించినప్పుడు టైరు దొర్లడం మాని ఊరక గిరగిర తిరుగుతుంది. ఒకసారి జారడం మొదలైన టైరుకు, జారకముందు ఉన్నంత పట్టు కూడా మిగలదు. దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. మలుపులో లోపలి చక్రం కంటె బయటి చక్రం ఎక్కువ దూరం తిరగవలెను గనుక, రెంటి నడుమ డిఫరెన్షియలు అనే పళ్ల పెట్టె అమర్చి ఉంటుంది. అది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. ఐతే ఒక చక్రం బురదలోనూ మరొకటి గట్టి నేలమీదనూ ఉన్నప్పుడు అదే మనకు ఎదురు తిరుగుతుంది. బురదలోని చక్రం వేగంగా తిరుగుతుంది, గట్టి నేలమీది చక్రం కదలక నిలుచుంటుంది. వానకాలంలో మట్టి బాటను దిగబడిన కారును నెట్టినవారికి ఈ దృశ్యం తెలిసినదే.

ట్రాక్షన్ కంట్రోలు చేసే పని ఇక్కడనే. నాలుగు చక్రాల వద్ద నాలుగు సెన్సారులు ఉంటాయి. ప్రతి చక్రంతోబాటు ఒక పళ్ల ఉంగరమో, అయస్కాంతపు పట్టీయో తిరుగుతుంది. ఒక్కొక్క పన్ను సెన్సారు ముందునుండి దాటినప్పుడల్లా ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. ఒక లెక్క చూడండి. 185/65 ఆర్ 15 అని గుర్తు ఉన్న టైరు వ్యాసం సుమారు 62 సెంటీమీటర్లు, చుట్టుకొలత సుమారు 195 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అది సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. ఉంగరానికి 48 పళ్లు ఉన్నవనుకుంటే, ఒక్కొక్క చక్రం నుండి సెకనుకు 410 స్పందనలు వస్తాయి. కారులోని చిన్న గణనయంత్రం ఈ నాలుగు లెక్కలను ఎడతెగక పోల్చి చూస్తూ ఉంటుంది. ఒక చక్రం తక్కినవాటికంటె హఠాత్తుగా ముందుకు ఉరికితే, అది జారినదని గ్రహిస్తుంది. వెంటనే ఆ ఒక్క చక్రానికి బ్రేకు తగిలిస్తుంది; ఇంజను శక్తిని కొంత తగ్గిస్తుంది. అడ్డు లేక తిరుగుతున్న చక్రానికి బ్రేకు అడ్డు కాగా, డిఫరెన్షియలు ద్వారా రెండవ చక్రానికి బలం చేరుతుంది. బండి కదులుతుంది. ఇదంతా జరుగుతున్నంత సేపూ దీపం మినుకుమంటుంది.

ఈ ఏర్పాటు ఒక్కనాడు పుట్టినది కాదు. 1971లో అమెరికాలో బ్యూక్ కారులకు, చక్రం జారినప్పుడు ఇంజను శక్తిని తగ్గించే పరికరం ఒకటి అమర్చారు. 1978లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ తయారుచేసిన ఎ.బి.ఎస్. మెర్సిడెస్ కారులలోకి వచ్చింది. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగిసిపోకుండా అది చూస్తుంది. చక్రాల వేగాన్ని కొలిచే సెన్సారులు అందుకు ఎలాగూ అమర్చవలసి వచ్చినవి. వాటినే తర్వాత ట్రాక్షన్ కంట్రోలుకూ వాడుకొన్నారు. 1995లో బండి అడ్డంగా తిరిగిపోకుండా కాపాడే స్థిరత్వ నియంత్రణ వచ్చింది. 1997లో స్వీడన్ దేశంలో, రోడ్డుకు అడ్డువచ్చిన జంతువును తప్పించుకొన్నట్లు నడిపిన ఒక పరీక్షలో మెర్సిడెస్ ఎ-క్లాస్ కారు బోల్తాపడింది. ఆ వార్త లోకమంతా పాకగా, ఆ కారుకు స్థిరత్వ నియంత్రణను తప్పక అమర్చి ఇవ్వసాగారు. అమెరికాలో 2012 మోడలు నుండి, ఐరోపాలో 2014 నవంబరు నుండి కొత్త కారులన్నిటికీ ఇది తప్పనిసరి ఐనది. మన దేశంలో 2019 ఏప్రిలు నుండి కొత్త కారులన్నిటికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. ఈనాడు స్థిరత్వ నియంత్రణకూ ట్రాక్షన్ కంట్రోలుకూ చాలా కారులలో దీపం ఒక్కటే.

ఇక దీపం పలికే మొదటి మాట: జారుడు నేలమీద మినుకు.

మన ప్రాంతంలో ఇది కనిపించే చోట్లు అనేకం. తొలకరి చినుకులు పడగానే, వేసవి అంతా రోడ్డుమీద పేరుకొన్న నూనె, దుమ్ము కలిసి పలుచని పొరగా తేలుతాయి. కోతల రోజులలో రోడ్డుమీద వడ్లు ఆరబోస్తారు; గింజలు టైరు కింద గుండ్రాళ్లవలె దొర్లుతాయి. పొలం నుండి వచ్చిన ట్రాక్టరు చక్రాల మట్టి తారురోడ్డుమీద ముద్దలుగా రాలి, వానకు మెత్తబడుతుంది. తిరుమల కొండ ఎక్కేటప్పుడు, అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, గట్టి మలుపులలో బండి బరువు బయటివైపుకు ఒరిగి లోపలి చక్రం తేలిక అవుతుంది. అప్పుడు యాక్సిలరేటరు గట్టిగా నొక్కితే, రోడ్డు పొడిగా ఉన్నప్పటికీ ఆ చక్రం ఒక క్షణం జారవచ్చును, దీపం రెండుమూడు సార్లు మినుకుమనవచ్చును.

ఈ సందర్భాలలో కారుకు ఏ రోగమూ లేదు. దీపం మినుకుమన్నదంటే ఏర్పాటు పనిచేస్తున్నదని అర్థం. చేయవలసినదంతా కాలిలో ఉన్నది. యాక్సిలరేటరుమీద నుండి కాలు మెల్లగా సడలించవలెను. స్టీరింగును పోవలసిన దిక్కుకే నిలకడగా పట్టుకోవలెను. ఉలికిపడి బ్రేకు తొక్కడం, స్టీరింగును ఒక్కసారిగా తిప్పడం పనికిరావు. దీపం ఆరిన తర్వాత కూడా ఆ వేగానికి తిరిగి పోరాదు. ఎందుకనగా రోడ్డు ఎంతవరకు తట్టుకొంటుందో అది అప్పుడే చెప్పి ఉన్నది.

ఇక్కడ ఒక భ్రమను తొలగించవలెను. ట్రాక్షన్ కంట్రోలు ఉన్న పట్టును పొదుపుగా వాడుతుంది. లేని పట్టును పుట్టించలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, మంచి పొడి రోడ్డుమీద బ్రేకు పడిన తర్వాత సుమారు 20 మీటర్లలో ఆగగలదనుకుంటే, పట్టు సగమైన తడి రోడ్డుమీద దానికి 40 మీటర్లు కావలెను. అదే తడి రోడ్డుమీద వేగం 80 ఐతే సుమారు 71 మీటర్లు కావలెను. ఏ సెన్సారూ ఈ లెక్కను తప్పించలేదు. దీపం ఉన్నదన్న ధైర్యంతో వేగం పెంచేవాడు, గొడుగు ఉన్నదని ఏటిలో దిగినవానివంటివాడు.

మరొక విశేషం. బండి ఇసుకలోనో లోతు బురదలోనో దిగబడినప్పుడు ఈ ఏర్పాటు ఇంజను శక్తిని పదే పదే తగ్గించి, బండిని బయటకు రానీయకపోవచ్చును. అందుకే ఆపివేసే బటను ఒకటి ఇస్తారు. దిగబడిన చోటు నుండి బయటపడేవరకు మాత్రం దానిని నొక్కి, గట్టి నేల చేరగానే మళ్లీ నొక్కి ఏర్పాటును మేల్కొల్పవలెను. ఆ బటను ఉద్దేశం అంతవరకే.

రెండవ మాట: ఆరకుండా నిలకడగా వెలుగు.

తాళం తిప్పగానే ఈ దీపం కొద్ది సెకనులు వెలిగి ఆరడం సహజం. అది కారు తన్ను తాను పరీక్షించుకొనే సమయం. ఇంజను నడిచిన తర్వాత కూడా ఆరకపోతే, మొట్టమొదట చూడవలసినది ఆ బటనునే. కారు తుడిచేవారి చేయి తగిలి ఉండవచ్చును. పిల్లలు ఆడుకొంటూ నొక్కి ఉండవచ్చును. మళ్లీ నొక్కి చూడవలెను. ఇంజను ఆపి, కొంతసేపు ఉండి మళ్లీ నడిపి చూడవలెను. అప్పటికీ ఆరకపోతే, ట్రాక్షన్ కంట్రోలు ఏదో లోపాన్ని గుర్తించి తన పని మానుకొన్నదని తెలియవలెను. బండి నడుస్తుంది, కాని చక్రం జారితే ఆదుకొనేవారు లేరు. మెల్లగా నడుపుకొని, వీలైనంత త్వరలో చూపించవలెను.

పక్కన వెలిగిన దీపాలను కూడా చూడవలెను. ఎ.బి.ఎస్. దీపం తోడుగా వెలిగితే, రెంటికీ ఉమ్మడి ఐన చక్రపు సెన్సారుమీద అనుమానం పడుతుంది. మామూలు బ్రేకు పనిచేస్తుంది కాని, గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగిసిపోవచ్చును. ఎర్రని బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం సందేహించక బండిని పక్కకు తీసి ఆపవలెను. బ్రేకు నూనె తగ్గి ఉండవచ్చును. ఇంజను బొమ్మ దీపం తోడైతే, లోపం ఇంజనులోనే ఉండవచ్చును. ఇంజను శక్తిని నమ్మకంగా తగ్గించే వీలు లేనప్పుడు ట్రాక్షన్ కంట్రోలు తానే తప్పుకొంటుంది. అక్కడ బాగుచేయవలసినది ఇంజనును గాని, చక్రాలను కాదు. ఇంజను బొమ్మ దీపమే మినుకుమంటే అది వేరు సంగతి. సిలిండరులో ఇంధనం సరిగా మండక, పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు కాలిపోయే ప్రమాదం ఉన్నదని దాని హెచ్చరిక. ఈ రెండు మినుకులను ఒకటిగా భావించరాదు.

బ్యాటరీ మార్చిన మరునాడు ఈ దీపం వెలగడం కూడా కద్దు. స్టీరింగు ఎంత తిరిగినదో కొలిచే సెన్సారు ఒకటి ఉన్నది. కరెంటు పోయినప్పుడు కొన్ని కారులలో అది తన మధ్యస్థానాన్ని మరచిపోతుంది. ఇంజను నడుస్తూండగా స్టీరింగును ఒక కొస నుండి మరొక కొసకు పూర్తిగా తిప్పి, కొద్ది దూరం తిన్నగా నడిపితే చాలా బండ్లలో దానికి జ్ఞాపకం తిరిగి వస్తుంది. తక్కినవాటికి స్కానరుతో సరిచేయించవలెను.

మూడవ మాటే ఎక్కువమందిని తికమక పెట్టేది: జారుడు లేని చోట మినుకు.

ఇందుకు మా ఇంటి కారు సంగతే చెప్పుకొంటాము. తారురోడ్డు, ఎండ కాస్తున్నది, బండి తిన్నగా పోతున్నది. ఐనా దీపం మినుకుమనేది. ఎవరో కాలికింద మీటను వెనుకకు గుంజినట్లు బండి ఒక్క క్షణం వెనుకాడేది. ఒక షెడ్డులో చూపించగా, ముందు ఎడమ చక్రపు సెన్సారు మార్చవలెనన్నారు. మార్చారు. డబ్బు ఇచ్చాము. రెండు దినాలకు దీపం మళ్లీ మినుకుమన్నది. ఈసారి వారు ఒక సులభోపాయం చెప్పారు: "బండి తీయగానే ఆ బటను నొక్కివేయండి, గొడవ ఉండదు." అది మాకు అలవాటైపోయింది. తాళం తిప్పడం, బెల్టు పెట్టుకోవడం, బటను నొక్కడం. ఈ మూడూ ఒక వరుసలో పడిపోయినవి.

నెలరోజుల తర్వాత ఒక సాయంకాలం, కాలువ గట్టున మలుపులో, అప్పుడే చినుకులు పడ్డ రోడ్డుమీద బండి జారింది. దీపం మినుకుమనలేదు, మినుకుమనడానికి దానిని మేము మిగల్చలేదు. ముందు చక్రాలు స్టీరింగు మాట వినలేదు. కాలువకు ఇవతల మట్టిదిబ్బ ఒకటి ఉండి, బండి దానిని ఒరుసుకొని నిలిచింది. వెనుక సీటులో ఉన్నవారు మా తల్లిగారు. ఆమె ఏమీ అనలేదు. మేమే కొంతసేపు తాళం తీయలేకపోయాము.

తప్పు ఎక్కడ ఉన్నదో మరునాడు ఒక టైర్ల దుకాణంలో పనిచేసే కుర్రవాడు కనిపెట్టాడు. అతడు ఏ యంత్రమూ తగిలించలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లమీది అంకెలు చదివాడు. "అయ్యా, మూడు ఒక సైజు, ఇది ఒకటి వేరు సైజు గదా!" అన్నాడు. కొన్ని నెలల క్రితం ముందు ఎడమ టైరు పంక్చరైనప్పుడు స్టెపినీ బిగించి, తర్వాత మార్చడం మరచిపోయాము. ఆ స్టెపినీ చక్రం 14 అంగుళాలది. తక్కినవి 15 అంగుళాలవి. ఈనాడు చాలా కారులలో స్టెపినీ చిన్నదిగానే ఇస్తారు. పంక్చరు షాపు చేరేవరకు, తక్కువ వేగంతో నడుపుకొనడానికి మాత్రమే అది ఉద్దేశింపబడినది. 175/65 ఆర్ 14 టైరు వ్యాసం సుమారు 58 సెంటీమీటర్లు. అనగా తక్కినవాటికంటె 6 శాతం చిన్నది. 60 కిలోమీటర్ల వేగంలో పెద్ద టైరు సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరిగితే, ఇది తొమ్మిదికి పైగా తిరుగుతుంది. టైర్ల అరుగుదలలోని కొద్దిపాటి తేడాలకు గణనయంత్రం సర్దుకొంటుంది. ఇంత తేడా వచ్చినప్పుడు అది, "ఈ చక్రం జారుతున్నది" అనే అనుకొంటుంది. సెన్సారు అబద్ధం చెప్పలేదు. అది నిజంగానే వేగంగా తిరుగుతున్న చక్రాన్ని నిజంగానే లెక్కపెట్టింది. స్టెపినీ తీసి, అతికిన టైరు బిగించగానే దీపం ఊరకున్నది. ఖర్చు పంక్చరు అతుకు వెల మాత్రమే.

ఈ అనుభవం మాకు నేర్పినది ఒక వరుస. చేతికి అందేదానినుండి చేతికి అందనిదానికి, చౌకదానినుండి ఖరీదైనదానికి పోవలెను. ఆ వరుసను పాఠకుల ఉపయోగార్థం ఇక్కడ చెబుతున్నాము.

మొదట టైర్లు. నాలుగింటి అంకెలు ఒకటేనా? నాలుగింట గాలి, కారు తలుపు అంచున అతికించిన చీటీలో చెప్పినంత ఉన్నదా? గాలి తగ్గిన టైరు కూడా కొంత కుంగి, కొంత వేగంగా తిరుగుతుంది. గాళ్లు అరిగి 1.6 మిల్లీమీటర్ల గుర్తుకు వచ్చినవా? అరిగిన టైర్లు తడి రోడ్డుమీద నిజంగానే జారుతాయి. అప్పుడు దీపాన్ని కాదు, టైర్లను మార్చవలెను.

రెండవది వెనుక బ్రేకు దీపాలు. ఇంటివారిలో ఒకరు బండి వెనుక నిలిచి, బ్రేకు తొక్కినప్పుడు వెలుగుతున్నవా, వదలినప్పుడు ఆరుతున్నవా చూడవలెను. బ్రేకు పెడలు వద్ద ఉండే చిన్న స్విచ్చి చెడితే, కాలు బ్రేకుమీద ఉన్నదో లేదో కారుకు తెలియక ఈ దీపం వెలగవచ్చును. ఇది వెల తక్కువ భాగం.

మూడవది బ్యాటరీ. ఇంజను ఆపి ఉంచిన తర్వాత మంచి బ్యాటరీలో 12.6 వోల్టుల దరిదాపున ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు కనబడవలెను. కరెంటు నీరసపడితే సెన్సారుల లెక్కలు తప్పుతాయి.

నాలుగవది తీగెలు. ఒక్కొక్క చక్రం వెనుక నుండి సన్నని తీగె ఒకటి లోపలికి పోతుంది. గుంటల రోడ్లమీద రాళ్లు తగిలి అది తెగవచ్చును. కదలని బండిలో ఎలుకలు కొరకవచ్చును. బ్రేకు పని చేసినవారు దానిని తిరిగి తన క్లిప్పులో బిగించక వదలి ఉండవచ్చును. స్టీరింగును ఒకవైపు తిప్పినప్పుడే దీపం వెలుగుతున్నదంటే, ఆ తీగె ఎక్కడో సాగుతున్నదని అనుమానించవలెను.

ఐదవది స్కానరు. ఇది షెడ్డు పని. కారుకు తగిలించగానే ఒక అంకె వస్తుంది. ఉదాహరణకు సి-0035 అని వస్తే ముందు ఎడమ చక్రపు సెన్సారు మార్గంలో లోపమని అర్థం. ఇక్కడనే చాలామంది పొరబడుతారు. ఆ అంకె చెప్పేది ఫిర్యాదు ఏ వీధినుండి వచ్చినదో మాత్రమే. దోషి ఎవరో కాదు. సెన్సారు కావచ్చును, తీగె కావచ్చును, పళ్ల ఉంగరం పగిలి ఉండవచ్చును, బేరింగు వదులై ఉంగరం ఊగుతూ ఉండవచ్చును, అయస్కాంతానికి ఇనుప రజను అంటుకొని ఉండవచ్చును. కనుక వెంటనే "సెన్సారు మార్చండి" అనరాదు. స్కానరులో నాలుగు చక్రాల వేగాలను ఒక్కసారి చూపే వీలు ఉన్నది. దానిని తెరచి, బండిని ఖాళీ రోడ్డుమీద తిన్నగా, మెల్లగా నడిపించి చూడుమని అడగవలెను. మూడు అంకెలు కలిసి నడుస్తూ, ఒకటి మాత్రం తడబడితే, ఆ చక్రాన్నే విప్పి చూడవలెను. బండి ఆగబోయేముందు, నడక వేగంలో బ్రేకు పెడలు కాలికింద టకటక కొట్టుకొంటే, పగిలిన ఉంగరాన్ని తప్పక వెదకవలెను.

ఆరవది స్టీరింగు మధ్యస్థానం. వీల్ అలైన్‌మెంటు చేయించిన తర్వాత దీపం మొదలైతే, తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు వంకరగా ఉన్నదేమో చూడవలెను. స్టీరింగు మలుపు అంటుంది, చక్రాలు తిన్ననంటాయి. రెంటికీ పొందిక కుదరక ఏర్పాటు తికమకపడుతుంది.

ఇవన్నీ చూచిన తర్వాతనే గణనయంత్రమూ, బ్రేకు నూనెను నడిపే యంత్రమూ చెడినవేమో అని ఆలోచించవలెను. అవి ఖరీదైనవి, చెడడం అరుదు. వరుసలో చివరవైన వీటిని ఎవరైనా మొదటనే మార్చవలెనంటే, "నాలుగు చక్రాల వేగాలు చూచారా?" అని మర్యాదగా అడగడం మన హక్కు.

పూర్వం అంబాసిడరు వంటి బండ్లు నడిపినవారికి ఇటువంటి దీపాలు లేవు. చక్రం జారడం వారికి నడుముకు తెలిసేది, చేతికి తెలిసేది. ఆ నేర్పు ఈనాటికీ విలువ తగ్గినది కాదు. కాని నాలుగు చక్రాలను నాలుగు విధాలుగా గమనించి, జారిన ఒక్కదానికే బ్రేకు వేయడం ఎంతటి నేర్పరికీ సాధ్యం కాదు. అతనికి ఉన్న బ్రేకు పెడలు ఒక్కటే. ఆ పని ఈ ఏర్పాటు చేస్తున్నది. చేస్తూ, మనకు ఒక మాట చెబుతున్నది.

రేడియోలోని పచ్చ కన్ను చికాకు పుట్టించినదని దానిమీద ఎవరూ గుడ్డ కప్పలేదు, మీటనే సవరించుకొన్నారు. కారులోని పసుపు దీపాన్ని కూడా అలాగే చూడవలెను. నేల జారుతున్నదంటే కాలు సడలించండి. ఆరకుండా వెలిగితే తీరికచేసుకొని చూపించండి. కారణం లేక మినుకుమంటే టైర్లతో మొదలుపెట్టి వెదకండి. బటను నొక్కి దాని నోరు మాత్రం మూయకండి. మా ఇంటి కారు కుడివైపు తలుపుమీద మట్టిదిబ్బ గీచిన గీత ఇంకా ఉన్నది. దానిని మేము రంగు వేయించలేదు.